తెర దించే చెయ్యి

మా బాపుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయాక ఆయన నోట్లో మిగిలింది ఒకే ఒక్క మాట: "అగో." ఆకలైనా అగో, ఒళ్ళు నొప్పులైనా అగో, గోడ అవతల విమానం లేచినా అగో. అగో అంటే అదిగో కాబట్టి విమానానికి మాత్రం ఆ మాట సరిగ్గా సరిపోయేది. మిగతావన్నీ మేం ఊహించుకోవాల్సిందే. అమ్మ తొందరగా ఊహించేది, నేను ఇంకా తొందరగా ఊహించేదాన్ని, సగం సార్లు ఇద్దరమూ తప్పేవాళ్ళం. అప్పుడాయన ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టి ఇంకోసారి అగో అనేవాడు, ఈసారి కోపంగా. కుడి చెయ్యి ఆయన ఒళ్ళో ఊరికే పడి ఉండేది.

మా ఇల్లు శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు గోడకు దగ్గర. ఒకప్పుడు జొన్న వేసిన చేలన్నీ ఇప్పుడు తెల్లరాళ్ళు పాతిన ప్లాట్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ రాళ్ళు వేడిగాలిలో మెల్లగా ఊగుతున్నట్టు కనిపిస్తాయి. విమానం దిగేటప్పుడు దాని నీడ ప్లాట్ల మీదుగా వచ్చి, మా రేకుల కప్పు ఎక్కి, కొట్టంలో కట్టేసిన ఎడ్ల వీపుల మీద ఒక్క క్షణం ఆగినట్టే ఆగి జారిపోతుంది. ఎడ్లు నెమరు ఆపవు. బాపు ఆ కొట్టం ముందరే మంచం వేయించుకుని పడుకునేవాడు. ఆ రోజులు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ నీడే. అంతా నిద్రలో జరిగినట్టు ఉంటుంది.

జబ్బు రాకముందు బాపు ఎడ్ల బేరాలు కుదిర్చేవాడు. చుట్టుపక్కల ఎక్కడ ఎడ్ల అంగడి కూడినా తెల్లారేసరికి అక్కడ ఉండేవాడు. ఆ పనిలో ఆయనకు జోడీ శంషాబాద్ బజారులో ఉండే ఒక ముస్లిం పెద్దాయన. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన్ని చాచా అనే పిలుస్తున్నాను. ట్రాక్టర్లు వచ్చాక అంగళ్ళు పలచబడ్డాయి, బేరాలు పోయాయి, కానీ బాపు ఒక జతను మాత్రం వదల్లేదు. చిన్న కోడెలుగా తెచ్చి పెంచుకున్నవి. తెల్లటివి. ఒకదానికి కొమ్ము కాస్త పక్కకు తిరిగి ఉంటుంది, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు.

బాపు పడిపోయాక వాటి చాకిరీ అమ్మ మీద పడింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నేను పొద్దున పోయి పొద్దుగూకాక వచ్చే ఉద్యోగంలో ఉన్నాను. "దున్నుకునేటోళ్ళు ఎవరన్న దొరికితే ఇచ్చేద్దాం బిడ్డా. ఉత్తగ నిలవడి నిలవడి వాటి కాళ్ళు గూడ నా కాళ్ళ లెక్కనే అయితున్నయ్" అనేది అమ్మ. మాట నిజమే. కానీ అవి బాపు ఎడ్లు. ఉంచాలా, ఇవ్వాలా అన్నది ఆయన చెప్పాల్సిన మాట. ఊళ్ళో ఎందరి ఎడ్లనో ఎందరికో ఇప్పించిన మనిషి. తన సొంత జత విషయంలో తన మాట లేకుండా పోతుందేమోనని ఆయన భయం. పెండ తీస్తూ అమ్మ ఆ ముచ్చట ఎత్తినప్పుడల్లా ఆయన మంచం మీద లేచి కూచునేవాడు. నోరు తెరిచేవాడు. అగో తప్ప ఏమీ వచ్చేది కాదు.

నేను చేసేది ఫోన్ యాప్‌ల పని. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన గోదాముల వరసలో ఒక మేడ మీద మా చిన్న ఆఫీసు. క్యాబ్‌ల వాళ్ళకూ హోటళ్ళ వాళ్ళకూ యాప్‌లు చేసిపెడతాం. నా వంతుకు ఎక్కువగా వచ్చేది పైతెరల పని. మీరూ చూసే ఉంటారు. ఒకటి నొక్కగానే కింది నుంచి ఇంకో తెర లేచి అసలు తెరను కప్పేస్తుంది. అందులో వరసగా పేర్లుంటాయి. అది లేచి ఉన్నంతసేపూ వెనకున్నదేదీ ముట్టుకోవడానికి వీల్లేదు. పేర్లలో ఒకటి నొక్కితే ఆ తెర దానంతటదే దిగిపోవాలి. మా ఆఫీసులో అది చట్టం. ఎంచుకున్నాక ఇంకా ఎందుకు నిలబడాలి, దిగిపో అనేవాడు మా పెద్దసారు. నాకూ అదే నచ్చేది. నా స్వభావానికి అది సరిపోయింది. సాగదీసే మనుషులంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. కూరగాయల బండి దగ్గర అరగంట నిలబడి పావుకిలో బెండకాయలు ఏరేవాళ్ళను చూస్తే ఆ బెండకాయల్ని వాళ్ళ సంచీలో నేనే కుమ్మరించాలనిపిస్తుంది.

పగలంతా అలా తెరలు లేపుతూ దింపుతూ ఉంటే సాయంత్రం బస్సులో కళ్ళు మూసుకున్నా అవే. కిటికీ అవతల ఆకాశంలో ఒక విమానం లేస్తుంది, ఒకటి దిగుతుంది. బస్సు ఊగుతుంది. నా వేలు ఒళ్ళో దానంతటదే కదులుతుంది. ఏది కల, ఏది పని అని తేడా తెలిసేది కాదు. అలాంటి ఒక సాయంత్రమే నాకు తట్టింది, బాపుకు ఒక మాటల తెర చేసివ్వొచ్చు కదా అని. ఒక పెద్ద గుండ్రటి బొమ్మ. దాన్ని ముట్టుకుంటే తెర లేస్తుంది. అందులో మాటలు, పక్కన బొమ్మలు. ముట్టుకున్న మాటను ఫోను పైకి పలుకుతుంది, తెర దిగిపోతుంది. రెండు ఆదివారాల పని, అంతే.

ముందు ఫోనులో దొరికే తెలుగు గొంతు పెట్టి చూశాను. "దయచేసి మంచినీరు ఇవ్వండి" అంది అది, ఎయిర్‌పోర్టు మైకులాగా. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "మీ బాపు పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి ఎవర్నన్న దయచేసి అన్నడానే?" అంది. బాపు కూడా మూతి వంకర్లు పోతుండగా నవ్వాడు. సరే, నా గొంతు పెడదామంటే ఆడగొంతు. అప్పుడు అమ్మే అంది, "మీ చాచాను పిలువు. ఇద్దరు ఒక్క తీర్గనే మాట్లాడేటోళ్ళు."

చాచా ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. గొంతుకు మంచిదని బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నాడు. "చెప్పు బేటీ, ఏం అనాలె?" అన్నాడు. సరే అనమన్నాను. ఒక్క సరేను ఎన్ని తీర్ల అనొచ్చో ఆ రోజు విన్నాను. విసుగు సరే, ప్రేమ సరే, పీడా పోయిందన్న సరే. చివరికి కడుపు నిండినవాడు అన్నట్టు నిండుగా అన్నాడొకటి, దాన్ని ఉంచాను. వద్దు అనమంటే అలవాటు కొద్దీ "నక్కో" అన్నాడు. "తెలుగుల చాచా" అన్నాను. "అరే, మీ బాపు నాతోని నక్కో అనే అంటడు, నువ్వు నాకు నేర్పకు" అని నన్నే దబాయించాడు. మొత్తానికి సరే, వద్దు, జర ఆగు, నీళ్ళు, ఛాయ్, నొప్పి, ఎడ్లకాడికి తీస్కపో అని వరసగా పెట్టాను. బాపు మంచం మీద పడుకుని తన జోడీగాడి గొంతు పెట్టెలోకి ఎక్కడం చూస్తూ ఉన్నాడు.

మొదట్లో బాగానే ఉంది. కొన్ని రోజులకు ఒక వింత కనిపెట్టాను. బాపు ఫోను తీసుకుంటాడు, తెర లేపుతాడు, వెంటనే చాచా గొంతు "సరే!" అంటుంది. మేం దేనికి సరే అని చూస్తే, ఆయన మొహం మాడ్చుకుని ఉంటాడు. మళ్ళీ లేపుతాడు, మళ్ళీ సరే. అడక్కుండానే సరేలు పడుతున్నాయి ఇంట్లో. "జబ్బు మనిషి, మనసు నిలకడ ఉండది" అంది అమ్మ. నేనూ అలాగే అనుకున్నాను.

కందుకూరు వైపు నుంచి ఒక రైతు వచ్చింది ఆ రోజుల్లోనే, ఒక ఆదివారం పొద్దున. ఎవరో చెబితే విని వచ్చాడు. నలభై దాటినవాడు, సన్నగా, ఎండకు కమిలి, భుజాన తువ్వాల. చెలక రాళ్ళ చెలకట, కొంత మేర ట్రాక్టరు దిగదట, ఎడ్లు కావాలట. వచ్చీ రాగానే బాపు మంచం దగ్గర కూచుని "కాకా, పానం ఎట్లుంది?" అని అడిగాడు. తర్వాతే లేచి కొట్టంలోకి పోయాడు. నోళ్ళు తెరిపించి పళ్ళు చూశాడు, గిట్టలు ఎత్తి చూశాడు, నడిపించి చూశాడు. వంకర కొమ్ముదాని మెడ కింద గోకితే అది తల పైకెత్తి కళ్ళు మూసుకుంది.

"మంచిగ చూస్కునేటట్టున్నడు. ఇద్దామా? ఏమంటవ్?" అని అమ్మ బాపును అడిగింది, ఆయన చెవి దగ్గరికి వంగి.

బాపు లేచి కూచున్నాడు. ఎడమ చేతి వేలు పంచెకు తుడుచుకున్నాడు. తెర లేపాడు. మేమంతా వంగాం. ఆయన వేలు పై మాట మీద ఆనింది, లేచింది. తెర టక్కున దిగిపోయింది. "సరే!" అన్నాడు ఫోనులోంచి చాచా, కడుపు నిండినట్టు.

"అగో!" అన్నాడు బాపు.

రైతు మొహం వెలిగిపోయింది. బాపు గబగబా మళ్ళీ తెర లేపాడు. మళ్ళీ పై నుంచే మొదలుపెట్టాడు. "సరే!" ఇంకోసారి. "సరే!" "ఒక్కసారి చెప్తే చాలు కాకా, నాకు ఇనవడ్డది" అని రైతు నవ్వాడు. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. బాపు ఫోనును మంచం మీదికి విసిరేసి, "అగో! అగో!" అని ఎడ్ల వైపు చెయ్యి ఊపాడు. "అవునవును, మంచిగున్నయ్. నా పిల్లల లెక్క చూస్కుంట" అన్నాడు రైతు. గురువారం వ్యాను తెస్తానని చెప్పి మొక్కి పోయాడు.

ఆ మధ్యాహ్నం బాపు అన్నం ముట్టలేదు. అమ్మ కలిపి నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వే గద నొక్కినవ్? ఒక్కసారి గాదు, మూడుసార్లు! ఇప్పుడు ఏంది గిట్ల?" అని అరిచాను. ఆయన నన్ను చూశాడు. తిట్టడానికి కూడా నోరు లేని మనిషి చూసే చూపు అది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పైన ఒక విమానం పోయింది, దాని నీడ ఆయన వీపు మీదుగా పోయింది, ఆయన అగో అనలేదు. నాకు భయమేసింది.

సాయంత్రం చాచా వచ్చాడు. అమ్మ సంగతంతా చెప్పింది. చాచా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నేను అనలే!" అన్నాడు. "అరే, నా గొంతుతోని మీరు ఎడ్లు అమ్ముకుంటరా? సరే అని నేనెప్పుడన్న? ఏం భాయ్, నువ్వు అన్నవా?"

"అగో" అన్నాడు బాపు, నిరసనగా.

"సూడు, అనలే అంటున్నడు."

"మరి ఎవరన్నట్టు? నేనా?" అంది అమ్మ. "మనిషి ముంగట కూసున్నడు, వేలు పెట్టిండు, మాట వచ్చింది. ఇగ కాదంటే ఊర్ల మంది ఉమ్మెయ్యరా మా మీద?"

వాళ్ళిద్దరూ అలా పోట్లాడుకుంటూంటే బాపు చెయ్యి చాచి, చాచా భుజం మీది తువ్వాల లాగాడు. దాన్ని తన ఒళ్ళో పరిచి, చాచా చెయ్యి పట్టుకుని దాని కిందికి లాక్కున్నాడు. చాచా పోట్లాట సగంలో ఆపేసి కూచున్నాడు. తువ్వాల కింద రెండు చేతులు మెదులుతున్నాయి. గుడ్డ మీద చిన్న చిన్న గుట్టలు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఇద్దరి మొహాల్లో ఏమీ లేదు. ఎటో చూస్తున్నారు.

నేను చిన్నప్పుడు చూసిన అంగడి అది. దుమ్ములో సూర్యుడు పసుపుపచ్చగా కరిగిపోయి ఉండేవాడు. వందల గిట్టలు, గంటలు, పచ్చిగడ్డి వాసన. ఆ గోలంతటి నడుమ ఇద్దరు మనుషులు తువ్వాల కప్పుకుని చేతులు కలుపుకుని మౌనంగా నిలబడి ఉండేవాళ్ళు. నేను బాపు పంచె పట్టుకుని కింద నుంచి ఆ గుడ్డను చూసేదాన్ని. లోపల పిట్ట ఉందనుకునేదాన్ని. చుట్టూ మంది మూగినా ఎవరికీ బేరం తెలియదు. ఒక వేలు పట్టుకుంటే ఒక ధర, రెండు పట్టుకుంటే ఇంకో ధర. ఇది అడుగుతారు, వదిలేస్తారు, అది అడుగుతారు, వదిలేస్తారు. వేలు పట్టుకోవడం ఒప్పుకోవడం కాదు, అడగడం. ఎంత సేపైనా అడగొచ్చు. మాట ఎప్పుడు మాట అవుతుందంటే, అమ్మేవాడి తరఫు మనిషి తన చేత్తో తువ్వాల తీసినప్పుడు. అంతకు ముందు మూడో మనిషి తువ్వాల మీద చెయ్యి వేస్తే అంగట్లో కొట్టుకునేవాళ్ళు.

చాచా నన్ను ఆటపట్టించడానికో, బాపును నవ్వించడానికో, ఉన్నట్టుండి తువ్వాలను లాగేశాడు. బాపు చెయ్యి గాలిలో ఒక వేలు ముందుకు పెట్టి అలాగే ఉండిపోయింది. బాపు ఆయన మణికట్టు మీద ఠపీమని కొట్టాడు. తర్వాత ఫోను వైపు వేలు చూపించాడు. ఆ తర్వాత నా వైపు.

అర్థమైంది. అయ్యో, ఎంత లేటుగా అర్థమైంది! ఆయన మాటల తెర లేపి, పై నుంచి ఒక్కో మాటనూ వేలితో అడుగుతున్నాడు. సరే అందామా? వద్దందామా? జర ఆగు అందామా? మొదటి దాన్ని అడిగేసరికే నా తెర దిగిపోతోంది. సగం బేరంలో ఎవరో గుడ్డ గుంజేసి, అదిగో ఒప్పుకున్నాడు అని ఊరంతా చాటుతున్నారు. జీవితమంతా తువ్వాల తన చేత్తో తీసిన మనిషికి.

మర్నాడు ఆఫీసులో మధ్యాహ్నం వేళ, అందరూ తిని మాగన్నుగా ఉన్నప్పుడు, నేను దాన్ని విప్పి మళ్ళీ కట్టాను. ముట్టుకుంటే మాట పసుపు రంగులోకి మారుతుంది, అంతే. పలకదు. తెర దిగదు. ఇంకోటి ముట్టుకుంటే ఆ పసుపు దానికి పోతుంది. ఎంతసేపైనా అలా తిరగొచ్చు. తెరను చేత్తో కిందికి లాగితే అప్పుడు పలుకుతుంది. ఏదీ ముట్టుకోకుండా లాగేస్తే ఏమీ అనకుండా దిగిపోతుంది. మా పెద్దసారు వెనక నిలబడి చూసి, "కిందికి లాగితే రద్దు కదమ్మా, ఒప్పుకున్నట్టు పెట్టావేంటి? లోకమంతా ఒక తీరు, నీదొక తీరా?" అన్నాడు, కోస్తా యాసలో, నెమ్మదిగా. "ఇది లోకానికి కాదు సార్, మా బాపుకు" అన్నాను. ఆయన టీ తాగడానికి పోయాడు.

బుధవారం సెలవు పెట్టి బాపు ముందు కూచున్నాను. ఆయనకు ఏమీ చెప్పలేదు. ఫోను ఇచ్చాను. ఆయన తెర లేపి, సరే మీద వేలు పెట్టి, భయంగా చెయ్యి లాక్కున్నాడు. తెర కదల్లేదు. నన్ను చూశాడు. వద్దు మీద పెట్టాడు. తెర ఉంది. ఛాయ్ మీద, నీళ్ళ మీద, ఎడ్ల మీద, మళ్ళీ వెనక్కి. పసుపు రంగు మాటల మీద తిరుగుతోంది. ఎండ కొట్టంలోకి పాకింది. అమ్మ గడ్డి వేస్తున్న చప్పుడు. నేను నిద్రకూ మెలకువకూ నడుమ ఆ వేలునే చూస్తూ కూచున్నాను. ఎన్నడూ లేనిది, నాకు తొందర వెయ్యలేదు. చాలాసేపటికి ఆయన తెరను కిందికి లాగాడు. ఏమీ పలకలేదు. ఆయన ఏదీ ఎంచుకోలేదు. ఊరికే మూశాడు. అదీ చేయొచ్చని చూసుకున్నాడన్నమాట. నోరంతా తెరిచి నవ్వాడు, పక్షవాతం వచ్చాక అంత నవ్వు అదే మొదలు.

గురువారం పొద్దున్నే వ్యాను వచ్చింది. రైతు కొత్త తాళ్ళు తెచ్చుకున్నాడు. నేను ఎదురుపోయి అడ్డంగా నిలబడ్డాను.

"అన్నా, మొన్నటి సరే బాపుది గాదు. నా ఫోన్‌ది. బాపు ఇంక చెప్పలే" అన్నాను.

"ఏందక్కా గిట్లంటవ్? కిరాయి బండి తెచ్చిన" అన్నాడు. అమ్మ సిగ్గుతో చచ్చిపోతోంది. "ఊకో బిడ్డా! ఇచ్చిన మాట వాపస్ తీస్కుంటరా? అన్నా, నువ్వు తాళ్ళు కట్టుకో, దాని మాటలకేం గానీ" అంది. నేను కదల్లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను, వేలు సంగతీ, తువ్వాల సంగతీ. అతను కాసేపు తాళ్ళ వంక చూశాడు. బాపు మంచం మీద నిటారుగా కూచుని ఉన్నాడు. చాచా అప్పటికే వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు, సాక్షిలాగా.

రైతు తాళ్ళను వ్యానులో పడేసి వచ్చాడు. "అట్లనా? అయితే కాకానే అడుగుత" అన్నాడు. మంచం ముందు గొంతుక్కూచుని భుజం మీది తువ్వాల తీశాడు.

బాపు చెయ్యి చాచబోయి ఆగిపోయాడు. కుడి చెయ్యి లేవదు. ఎడమ చేత్తో బేరమాడితే ఎదుటివాణ్ణి అవమానించినట్టే. చాచాతో అయితే చెల్లింది. పరాయి మనిషి, ఇంటికొచ్చిన మనిషి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఎడమ చేతిని వెనక్కి, పంచె మడతల్లోకి దాచుకున్నాడు. రైతు తన కుడి చేతిని వీపు వెనక్కి పెట్టుకుని, తనూ ఎడమ చెయ్యే ముందుకు చాచి దాని మీద తువ్వాల కప్పుకున్నాడు.

బాపు చెయ్యి మెల్లగా ఆ గుడ్డ కిందికి పోయింది.

ఎంతసేపు కూచున్నారో నాకు తెలియదు. ఎండ కాళ్ళ మీదికి వచ్చింది. గుడ్డ కదులుతోంది, ఆగుతోంది. ఒకసారి బాపు కనుబొమ్మ లేచింది. ఒకసారి రైతు తల దించుకుని నవ్వాడు. వ్యాను డ్రైవరు దిగివచ్చి ఏదో అడగబోతే చాచా వేలు నోటిమీద పెట్టుకున్నాడు. బాపు తువ్వాల తీసి దులిపి, ఒళ్ళో పెట్టుకుని మడిచి, రైతు భుజం మీద వేశాడు.

ఇంకొకటి మిగిలింది. తువ్వాల తీస్తే ధర కుదిరినట్టే, కానీ ఇస్తున్నానని నలుగురు వినేలా నోటితోనూ చెప్పాలి. బాపు ఫోను తీసుకున్నాడు. తెర లేపాడు. సరే పసుపయింది. అక్కణ్ణించి వద్దు. అక్కణ్ణించి జర ఆగు. అక్కడ ఆగాడు. తలెత్తి ఎడ్లను చూశాడు. చాలాసేపు చూశాడు. అమ్మ ఏదో అనబోయి మింగేసింది. ఆయన ఏమంటాడో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు, ఆ తెలియకపోవడం నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. వద్దంటే పెండ నేనే తీస్తాను, ఉద్యోగం ఏమైనా కానీ అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. ఆయన వేలు వెనక్కి నడిచి పైకి పోయింది. బొటనవేలితో తెరను కిందికి లాగాడు, నిదానంగా, అంచు దాకా.

"సరే" అంది ఫోను. మొన్నటి మాటే. మొన్నటి గొంతే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రైతు రెండు చేతులూ జోడించాడు. అతను లేస్తుంటే బాపు నోరు కదిలింది. పెదవులు ఒక పక్కకు లాగాయి. అంగట్లో బేరం తెగాక ఆయన వేలసార్లు అని ఉంటాడు ఆ మాట. "ఇచ్చిన" అన్నాడు.

ఫోను కాదు. బాపు. బొంగురుగా, తడిగా, తన గొంతుతో. చాచా ఆయన భుజం గట్టిగా పట్టుకుని "యా అల్లా" అని ఏడ్చేశాడు. అమ్మ అక్కడే చతికిలబడింది. నేను ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి "ఇంకోసారి బాపూ, ఇంకోసారి అను" అన్నాను. "ఇచ్చిన" అన్నాడు. అన్ని నెలల తర్వాత ఆ నోట్లోకి వచ్చిన కొత్త మాట, తన ఎడ్లను తానే పంపించేసిన మాట. సంతోషపడాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. అవి వ్యాను ఎక్కేటప్పుడు ఆయన చూస్తూనే ఉన్నాడు, మొహం తిప్పుకోలేదు.

సాయంత్రం కొట్టం ఖాళీగా ఉంది. అమ్మ అలవాటు కొద్దీ గడ్డి మోపు విప్పి, మళ్ళీ కట్టేసింది. ఛాయ్ కాచి తెచ్చి బాపు చేతికిచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని కొట్టం వంక చూస్తూ, "ఇచ్చిన" అన్నాడు. కాసేపాగి మళ్ళీ, "ఇచ్చిన" అన్నాడు.

"ఇచ్చినవ్ తియ్యి" అంది అమ్మ, ఆయన పక్కన మంచం మీద కూచుంటూ. "నువ్వే ఇచ్చినవ్. ఇగ ఛాయ్ తాగు, సల్లారుతది."